సర్పధ్వజులు ఇచ్చిన ఇల్లు

జనగామ,
12 అక్టోబరు 2025

శోభా,

ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా మనిద్దరిలో ఎవరో ఒకరం కట్ చేస్తున్నాం. పోయినసారి చేసింది నేనే, ఒప్పుకుంటాను. అందుకే ఈ కాగితం. ఇక్కడ నా మాటకు అడ్డం రావడం నీ వల్ల కాదు, నీ మాటకు అడ్డం రావడం నా వల్ల కాదు.

నీ నవల అయిదు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. ఎర్రకుంట తండాలో పుట్టి, చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ ల్యాబులో నీళ్లు పరీక్షించే పిల్ల, డ్యూటీ దిగాక కూర్చుని ఇంత పెద్ద మాయాలోకం కడుతున్నదంటే ఈ మేనమామకు గర్వమే. గర్వం అయిపోయింది. ఇక తిట్లు.

ఏడువాకిళ్ల కోటను సర్పధ్వజ వంశం మూడు వందల ఏళ్లుగా ఏలుతున్నదన్నావు. లంచాలు తింటారు, ధాన్యం దాస్తారు, నది తలుపులు మూసి పేటలను ఎండగడతారు. బాగుంది. ఎట్లా నిలబడ్డారమ్మా ఇన్నేళ్లు? నేలమాళిగలో నిప్పులు కక్కే పాము ఉందట, ఎదురు తిరిగినవాణ్ని దానికి వేస్తారట. ఒక్క పాముతోనా? దానికి జ్వరమొస్తే? ముసలిదై పళ్లూడితే? పాముతో ఊరిని మూడేళ్లు భయపెట్టవచ్చు. మూడు వందల ఏళ్లు కుదరదు.

ఇలాంటి కథలు రాసే అందరి రోగమూ ఇదే. దుర్మార్గపు రాజవంశం అనగానే నల్ల కోట, విషపు గిన్నె, అన్నను పొడిచే తమ్ముడు. చెడ్డవాళ్లు తమ చెడ్డతనం వల్లే గద్దె మీద ఉంటారని మీ నమ్మకం. దీనివల్ల ఎవరికి లాభమో ఆలోచించావా? చదివినవాడు తన ఊళ్లో పాము లేదు గనుక రాజులూ లేరనుకుని హాయిగా పడుకుంటాడు.

మన తండాకు కిలోమీటరు దూరంలోనే ఒక కోట ఉంది, ముత్యాలగూడెం దొరల గడి. పెద్దదొర పోయాడు, భూములు సగం పోయాయి, ప్రహరీ కూలింది. అయినా సర్పంచి ఎవరన్నది నేటికీ ఆ ఇంట్లోనే తేలుతుంది. ఎందుకో కనుక్కుని రాయి. పామును చంపెయ్.

మీ అమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? నేనడిగితే అక్క చెప్పదు.

తిట్టే హక్కున్న
మాన్‌సింగ్ మామ


చెల్పూర్,
20 అక్టోబరు 2025

మామా,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదువుతుంటే పక్కనున్న లతక్క, "ఏందే, కోర్టు నోటీసా?" అంది. మా మామ రాశాడన్నాను. "అయితె గంతే" అని అన్నం తినసాగింది. ఆమె నిన్ను ఒకసారి దేవరుప్పుల మీటింగులో విన్నదట.

పామును చంపను. చదివేవాళ్లు పాము కోసమే వస్తారు. నువ్వు ఉపన్యాసానికి ముందు పాట పాడించవా? ఇదీ అంతే. కానీ పాము చాలదన్న మాట నిజమే, రెండు రోజులు నన్ను తిననివ్వలేదు. సర్పధ్వజుల మీద జనానికి కోపం ఉంది, వాళ్లు దొంగలని తెలుసు, అయినా పండగనాడు వాళ్ల వాకిట్లోనే వరుసలో నిలబడతారు. ఎందుకో నాకే తెలియడం లేదు.

రెండు కబుర్లు. హైదరాబాదులో ఫోన్లో వినే కథల కంపెనీ ఒకటి ఉంది. మూడు అధ్యాయాలు పంపితే నవల మొత్తం తీసుకుంటామన్నారు. ఇంకా సంతకం పెట్టలేదు.

రెండోది. మన తండా సర్పంచి సీటు ఈసారి ఎస్టీ మహిళకు వచ్చింది. అమ్మ నిలబడతానంటున్నది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "పంచాయతి బోరు నీళ్లు అయిదేండ్ల సంది గడి మామిడితోటకే పోతున్నయి. తండ ఆడోళ్లం బిందెలు పట్టుకొని వాళ్ల పైపు దిక్కు చూసుకుంట నిలబడుతున్నం. సర్పంచి అయితెనన్న ఆ మోటరు గది తాళంచెవి నా చేతికొస్తది" అంది. ఆమె ఎన్నికల వాగ్దానం మొత్తం అదే.

గడి తరఫున, అక్కడ ట్రాక్టరు తోలే తుల్సీరాం వాళ్ల ఇంటామె నిలబడుతుందట. నువ్వు ఎగిరి గంతేస్తావని తెలుసు. జర నెమ్మదిగా గంతెయ్.

పామును కాపాడుకుంటున్న
శోభారాణి


జనగామ,
27 అక్టోబరు 2025

శోభా,

గంతేశాను. స్కూలు స్టాఫ్ రూములోనే.

మా అక్క ద్వాళి నిలబడుతుంది! అయిదో తరగతి కూడా చదవని మనిషి, మా టీచర్ల యూనియన్ తీర్మానాలన్నిటి కంటే సూటిగా మాట్లాడింది. తాళంచెవి. రాజకీయశాస్త్రమంతా అదే కదా. కరపత్రం మొదలుపెట్టాను. ప్రభుత్వ టీచర్ను గనుక పేరు వేయను, భాష చూసి అందరూ పోల్చుకుంటారు.

నీ ప్రశ్నకు జవాబు విను. పెద్దదొర ఉన్నప్పుడు తండాలో ఎవరింటి పెళ్లికైనా మొదటి బియ్యం బస్తా గడి నుంచే వచ్చేది. ఎవరికి పాము కరిచినా దవాఖానకు గడి జీపు. మన నసాబ్ కూర్చుంటే, అంటే మన పెద్దల పంచాయితీ జరిగితే, తండా పెద్ద మంగ్యా నాయక్ పక్కన దొరకొక పీట. అక్కడ కూర్చునే ఆయన మన గుట్టు పట్టాడు. మనవాళ్లకు కాగితం లెక్క లేదు. పెళ్లి ఖాయమైనా, తగువు తెగినా, నలుగురిలో బెల్లం తింటే ఇక ఆ మాట తిరగదు. తిన్న బెల్లం కాదన్నవాణ్ని ఎవరూ పెళ్లికి పిలవరు, చావుకు రారు. గడి ఆ సంగతి చూసి సంతకాలు అడగడం మానేసింది. బెల్లం తెప్పించడం మొదలుపెట్టింది.

ఇంకో తెలివి ఉంది. మేలు చేసిన వెంటనే ఏమీ అడగదు. చేయించుకున్నవాడు మరిచిపోయేదాకా ఆగుతుంది. అందుకే నీ సర్పధ్వజులు పామును దాచినట్టు రాయకు. మేళ్లను దాచినట్టు రాయి.

మన ఇంట్లో గడి మెతుకు ముట్టనివాడు ఒకడైనా ఉన్నాడు, వాడు నేను. కరపత్రంలో చెప్పుకోను గానీ నీకు చెప్పుకుంటాను.

ఆ కథల కంపెనీ ఎవరిదో కనుక్కున్నాకే సంతకం పెట్టు.

చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉన్న
మామ


చెల్పూర్,
9 నవంబరు 2025

మామా,

మొన్న తండాకు వెళ్లొచ్చాను. నేను వెళ్లే ముందు రోజు పెద్దదొర కొడుకు, చిన్నదొర, కారులో మన ఇంటికి వచ్చాడట. నులకమంచం మీద కూర్చుని చాయ్ తాగి వెళ్లాడట. బెదిరించలేదు, గొంతు పెంచలేదు. కానీ అప్పటి నుంచి అమ్మ ఎన్నికల మాట ఎత్తడం లేదు. నీ కరపత్రం చదివి వినిపిస్తే, "మంచిగ రాసిండు మా తమ్ముడు. ఎప్పటికీ మంచిగనే రాస్తడు" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

తర్వాత నాకు ఒక సంగతి చెప్పింది. మామకు చెప్పనని తలమీద చెయ్యి పెట్టించుకుంది. కాబట్టి రాయను.

దానికి బదులు తొమ్మిదో అధ్యాయం పంపుతున్నాను. నెమ్మదిగా చదువు మామా, తప్పులు వెతకడానికి చదవకు.

నవల కోసమే ఇంకొకటి అడుగుతున్నాను. 2006లో నీకు జనగామ బదిలీ ఎట్లా వచ్చింది?

శోభ


జనగామ,
16 నవంబరు 2025

శోభా,

తొమ్మిదో అధ్యాయం అద్భుతం. పాము ఒక్కసారి కూడా కనిపించలేదు, అయినా చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

ఆ పాటగాడు రేవణ ఉన్నాడే! సంత జరిగిన ప్రతిసారీ కోట గుమ్మం ఎదుటే సర్పధ్వజులను తిడుతూ పాడతాడు. వాళ్లు వాణ్ని ముట్టరు. తన పాటకు జడుస్తున్నారని వాడు మురిసిపోతాడు. జబ్బు పెళ్లాంతో వాడు తలదాచుకున్న ఇల్లు మాత్రం వాళ్లదే, వాడి అక్క కోట ముందు మోకరిల్లి అడుక్కుని తెచ్చింది. ఏళ్లు గడిచాక అదే అక్క నది తలుపు తెరవబోతే, కోట నుంచి ఒక్క మనిషి వచ్చి "ఇల్లు బాగుందా?" అని అడుగుతాడు. అంతే. అబ్బ!

రేవణలాంటి సన్నాసులను యూనియన్‌లో పదిమందిని చూశాను. ఒక్క లోపం చెబుతాను. ఇల్లు ఎవరిదో రేవణకు తెలియదని రాశావు. నేను నమ్మను. తెలియకుండా ఉండాలన్నా మనిషి కొంత కష్టపడాలి. ఏదో ఒక రోజు వాడికి అనుమానం వచ్చి ఉంటుంది, అడగకుండా ఊరుకుని ఉంటాడు. అది రాయి, పాత్ర నిలబడుతుంది.

బదిలీ సంగతా? అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే వరంగల్ జిల్లా. నాది భూపాలపల్లి అవతల అడవిలో బడి. మీ మంజుల అత్తకు రెండు కిడ్నీలూ పోయాయి, వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించాలి, అక్కడి నుంచి బస్సు లేదు. యూనియన్ ధర్నా చేసింది, బదిలీ వచ్చింది. అత్త ఇంకో అయిదేళ్లు బతికింది. జాబితాలో నాకంటే ముందు నర్సమ్మ అని ఇంకో టీచరమ్మ ఉండేది, భర్త పోయినావిడ, పిల్లలు జనగామలో అమ్మమ్మ దగ్గర. ఆమెకు ఎందుకో రాలేదు. పాత ముచ్చట.

అక్క అలసిపోయి ఉంటుంది. నోటిఫికేషన్ రాగానే ఉత్సాహం అదే వస్తుంది.

మామ


జనగామ,
2 డిసెంబరు 2025

శోభారాణికి,

ఇది బస్సు కార్గోలో పంపుతున్నాను, రేపటికి చేరుతుంది. ఫోన్ ఆపేశాను. నీ గొంతు వినాలని లేదు.

మొన్న రాత్రి తుల్సీరాం ఫోన్ చేశాడు. "ముబారక్ సార్. మన తండ ఏకగ్రీవం. ద్వాళక్క ఇయ్యాల నామినేషన్ ఏసింది గని, ఆరో తారీకు వాపస్ తీసుకుంటదట. నాయక్ ముందటనే ఒప్పుకున్నది. మా ఇంటామె సర్పంచి. మీరు స్వీట్లు తినాలె" అన్నాడు. వాడి గొంతులో ఎగతాళి కూడా లేదు. నిజంగానే స్వీట్లు తినమన్నాడు.

ఎట్లా జరిగిందని రాత్రంతా తల బద్దలు కొట్టుకున్నాను. నిన్న తెలిసింది. నీ కథల కంపెనీ ఎవరిదో మా యూనియన్ కుర్రాడు ఇంటర్నెట్‌లో చూసి చెప్పాడు. చిన్నదొర కూతురిది.

అదన్నమాట. చిన్నదొర చాయ్ తాగి వెళ్లాడు, మీ అమ్మ గోడ వైపు తిరిగింది, నువ్వు నాకు చెప్పనని ఒట్టు వేశావు. ఆ ఒట్టు దేని గురించో ఇప్పుడు అర్థమైంది. బిడ్డ నవల బయటికి రావాలని తల్లి తాళంచెవి వదులుకుంది. నువ్వు వదులుకోనిచ్చావు. తండా ఆడవాళ్లు ఇంకో అయిదేళ్లు బిందెలు పట్టుకుని నిలబడతారు, హైదరాబాదులో జనం చెవుల్లో గొట్టాలు పెట్టుకుని నీ సర్పధ్వజుల దుర్మార్గం వింటారు. వినిపించేది సర్పధ్వజులే.

తొమ్మిదో అధ్యాయంలో రేవణ పేరు కొట్టేసి నీ పేరు రాసుకో.

మాన్‌సింగ్


చెల్పూర్,
4 డిసెంబరు 2025

మామా,

నీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. పోస్టులో వేస్తే ఆరో తారీఖు దాటిపోతుంది, అందుకే నేనూ బస్సులోనే పంపుతున్నాను.

కంపెనీ ఎవరిదో నువ్వు రాస్తేనే తెలిసింది. సంతకం పెట్టలేదు, ఇక పెట్టను. దాన్ని అక్కడ వదిలెయ్. ఒట్టు తెంచుతున్నాను.

2006లో అమ్మ గడికి వెళ్లింది. మెట్ల కింద కూర్చుని, "మా తమ్ముని పెండ్లాం సచ్చిపోతది దొరా, వాన్ని పట్నం దిక్కు ఎయ్యించుండ్రి" అని ఏడ్చింది. పెద్దదొర మంగ్యా నాయక్‌ను పిలిపించాడు. లోపలి నుంచి బెల్లం తెప్పించాడు. "పని అయితది ద్వాళీ. నాకు ఒక్క మాట ఇయ్యి. నేను గని నా కొడుకు గని ఎన్నడన్న ఒక్కటి అడుగుతం. కాదనొద్దు" అన్నాడు. అమ్మ తిన్నది. నాయక్ తిన్నాడు. నెల తిరగకముందే నీకు ఆర్డరు వచ్చింది.

పందొమ్మిదేళ్లు గడి ఏమీ అడగలేదు. మొన్న చిన్నదొర చాయ్ తాగుతూ, "అవ్వా, నాయిన పోయేటప్పుడు నీ మాట నాకు అప్పజెప్పి పోయిండు" అన్నాడట. ఇంకేమీ అనలేదట. అయినా అమ్మ మొండికేసి నామినేషన్ వేసింది. ఆ సాయంత్రమే నాయక్‌ను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు.

రేవణ నువ్వే మామా. నీ ఎదురుగా చెప్పలేక అధ్యాయం రాశాను. నువ్వు బాగుందని మార్కులు వేశావు. పైగా తెలియకుండా ఉండాలన్నా కష్టపడాలని నాకు పాఠం చెప్పావు. ఆ వాక్యం చదివి నేను ల్యాబు బయటికొచ్చి నిలబడ్డాను. నర్సమ్మ టీచరమ్మ పేరు పందొమ్మిదేళ్ల తర్వాత కూడా నీకు అంత తడుముకోకుండా ఎట్లా గుర్తుంది?

అమ్మకు నచ్చజెప్పి చూశాను. "గదేం కాగితం కాదు గదనే" అన్నాను. "కాగితమైతె చింపుదు బిడ్డా" అంది.

ఎల్లుండి మూడు గంటల లోపల ఆమె తొర్రూరు వెళ్లి పేరు తీసేసుకుంటుంది. ఆమెకు నీ మీద కోపం లేదు. కోపం నాకు ఉంది.

శోభ


తొర్రూరు బస్టాండు,
6 డిసెంబరు 2025, సాయంత్రం

శోభా,

నిన్న నీ ఉత్తరం అందగానే మంగ్యా నాయక్‌కు ఫోన్ చేసి, పొద్దున తొమ్మిదికి నసాబ్ కూర్చోబెట్టమన్నాను. సేవాలాల్ గుడి ముందు తండా అంతా చేరింది. ఆడవాళ్లు కూడా వచ్చారు. అక్క ఒక మూలన, నామినేషన్ కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిన్నదొరకు ఎవరో చెప్పారు, తనే వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ వేశారు. "మాన్‌సింగ్ సార్, మీ పాంప్లెట్లన్ని ఫైలు జేసి పెట్టుకున్న. మంచిగ రాస్తరు" అన్నాడు.

నేను లేచి, బెల్లం తిన్నది అక్క అయినా బాగుపడ్డది నేను, మాట నా మీదికి మార్చండి, ఆమెను వదిలెయ్యండి అన్నాను. నాయక్ నోరు తెరిచేలోపల చిన్నదొర చెయ్యెత్తాడు. "మాట మార్చుడెందుకు సార్? పోనీయుండ్రి, మాఫ్. అవ్వ మంచిగ నిలబడుమనుండ్రి. మా నాయిన చేసిన మేలుకు మేం ఖరీదు కట్టం."

జనం గుసగుసలాడారు. ఎంత పెద్ద మనసు అని నా వెనకే ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది. నామినేషన్ వేసిన నాటి నుంచి అక్క వెంట తిరిగిన ఆడవాళ్లే ఆయనకు దండం పెట్టారు. శోభా, పాతికేళ్లుగా గడి శిక్షించే చెయ్యి మీద రాశాను. క్షమించే చెయ్యిని ఎన్నడూ చూడలేదు. అక్క ఇక నిలబడవచ్చు, కానీ దొర వదిలేస్తే నిలబడ్డ మనిషిగా నిలబడుతుంది. ఒక్క ఓటు రాదు. నీ సర్పధ్వజులకు ఇది రాయి. పామును బయటికి తెచ్చిన రోజు కంటే, పామును కట్టేసిన రోజే వాళ్లకు జేజేలు ఎక్కువ.

అప్పుడు జేబులోంచి కాగితం తీశాను. బస్సులో రాసి సంతకం పెట్టింది. చదివాను. 2006లో బదిలీల జాబితా నేను చూశాను. మొదటి పేరు నర్సమ్మ టీచరమ్మది. పెన్నుతో కొట్టేసి ఉంది. కింద నా పేరు ఇరికించి ఉంది. యూనియన్ ధర్నాకు జాబితాలో పేరు కొట్టేసే బలం లేదని నాకు తెలుసు. ఎవరు కొట్టేశారని అడగలేదు. అడిగితే బదిలీ పోతుంది, మంజుల పోతుంది. ఆ టీచరమ్మ ఇంకో ఎనిమిదేళ్లు అడవిలోనే ఉండి, పిల్లలను ఆదివారం ఆదివారం చూసుకుంది. పెద్దదొర తన ఇంట్లోది ఏదీ నాకు పెట్టలేదు. ఆమెది తీసి నాకు పెట్టాడు. నేను తిన్నాను.

మంగ్యా నాయక్ మన భాషలో అక్కను అడిగాడు, తెలుగులో రాస్తున్నాను. "ద్వాళీ, నీకిది ఎర్కనా?" అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన చాలాసేపు కర్రతో నేల మీద గీతలు గీశాడు. తర్వాత అన్నాడు. "ఆ బెల్లం నేను గూడ తిన్న. పెద్దదొర తన సొమ్ము పెడుతుండనుకొని తిన్న. ఒగలది గుంజి ఇంకొగలకు పెట్టినంక గది మేలు గాదు. చిన్నదొరా, నువ్వు మాఫ్ జేసేటందుకు ఈడ నీదేం లేదు. ద్వాళి మాట చెల్లదు."

చిన్నదొర లేచాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "గా కాగితం నాకియ్యుండ్రి సార్, చదువుకుంట" అన్నాడు. ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "మీ సర్వీసు ఇంకెన్నేండ్లున్నది?" నాలుగు అన్నాను. "మంచిది" అని కారెక్కాడు. ఆ కాగితం నా పింఛను మీదికి ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు. రానీ.

అక్క ఆటో మాట్లాడుకుని తొర్రూరు వచ్చింది, నేను వెనక వచ్చాను. ఆఫీసు బయట అరుగు మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి వెళ్లలేదు. మూడు కొట్టారు. పోటీలో ఉన్నవాళ్ల పేర్లు గోడకు అంటించారు. తనది ఎక్కడుందో చూపించమంది. రెండో వరుస. వేలితో తడిమి చూసింది. ఓట్లు ఎన్ని వస్తాయో నేను చెప్పలేను. బిందెలవాళ్లు ముగ్గురు మాత్రం ఆటోలో వెంట వచ్చారు.

నర్సమ్మ టీచరమ్మ మీ పక్కన భూపాలపల్లిలోనే రిటైరైందని విన్నాను. ఇల్లు ఎక్కడో కనుక్కుని ఉంచు. నువ్వు ఏమీ చెప్పకు. చెప్పాల్సింది నేను.

అక్క దగ్గర కూర్చోబోయాను. జరిగి చోటివ్వలేదు. "గా జాబితా నువ్వు చూసినవా? నీ కండ్లతోని?" అంది. చూశానన్నాను.

"పందొమ్మిదేండ్లు ఆ గడి ముందలికెల్లి తలకాయ వంచుకొని నడిచిన" అంది. "నీ కోసం వంచిన. నువ్వేమో జనగామల నిలబడి తలకాయ ఎత్తుండ్రి, ఎత్తుండ్రి అని నాకే రాసి పంపితివి." తర్వాత సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

"నీ ఓటు జనగామల ఉన్నది. ఈడ నీకేం పని లేదు. బస్సెక్కు."

రెండు జనగామ బస్సులు వెళ్లిపోయాయి. ఇంకా ఎక్కలేదు.

మాన్‌సింగ్